స్పామ్ ఆపడానికి ఏది మేలు: రాసింది చూడటమా, పంపినవాణ్ని నిలదీయటమా?

మెయిల్ సర్వర్ బాధ్యత నెత్తిన పడ్డవాళ్లకు మొదటి వారంలోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది. వచ్చిన మెయిల్‌లో ఏం రాసుందో చూసి ఆపాలా, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఒక్కో కంప్యూటర్‌కు ఉండే అంకెల చిరునామా) నుంచి వచ్చిందో చూసి ఆపాలా, లేక "నేను ఫలానా" అంటున్నవాణ్ని పట్టుకుని అది నిజమేనా అని నిలదీయాలా? మూడూ చెయ్యండి అనడం తేలిక, పెద్ద కంపెనీలు చేసేదీ అదే. కానీ ఉన్నది ఒక్క మనిషి, వారానికి రెండు మూడు గంటలు అయితే? నేను మూడోదానితోనే మొదలుపెడతాను. స్పామ్‌ను అదే ఎక్కువ ఆపుతుందని కాదు, నిజానికి ఒంటరిగా అది ఆపేది తక్కువే. అది లేకపోతే మిగతా రెండూ చీకట్లో బాణాలు వేస్తుంటాయి, అందుకని.

అసలు తలనొప్పి పాతదే. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యూర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఇంటర్నెట్‌కు ముందు నడిచిన నెట్‌వర్క్ ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే మెయిల్ కొట్టాడు, తిట్లు తిన్నాడు. అయినా 1982లో ఎస్‌ఎంటీపీ (సర్వర్ల మధ్య మెయిల్ పంపే పద్ధతి) నియమాలు రాసినప్పుడు పంపినవాడి పేరు సరిచూసే ఏర్పాటు పెట్టలేదు, అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి ఎవరికీ ఆ అవసరం కనిపించలేదు. ఫ్రమ్ అన్నచోట ఏం రాస్తే అదే. గడియ లేని తలుపు పెట్టి ఇల్లు కట్టేశారు, తర్వాత వచ్చినవన్నీ పైనుంచి బిగించిన గడియలే.

మొదట ఫిల్టర్ సంగతి. 2002లో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చిన బేయేసియన్ పద్ధతి ఒక లెక్క. మీరు స్పామ్ అని పక్కన పడేసినవాటిలో ఏ మాటలు ఎక్కువ, ఉంచుకున్నవాటిలో ఏవి ఎక్కువ అని చూసుకుని, కొత్త మెయిల్ ఎటు మొగ్గుతుందో చెప్తుంది. ఎవరి ఫిల్టర్ వారిది కావడం దీని అందం: డాక్టర్ ఇన్‌బాక్స్‌లో మందుల పేర్లు మామూలు, నా ఇన్‌బాక్స్‌లో అనుమానం. కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత అవతలివాళ్లు అక్షరాల బదులు అంకెలు పెట్టారు, ఎక్కడివో పేరాలు తెచ్చి కింద అతికించారు, 2006 ప్రాంతంలో అయితే మాటలన్నవే లేకుండా మొత్తం ప్రకటనను బొమ్మగా చేసి పంపారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారే, అదే ఆట.

ఫిల్టర్ మీద నా అసలు కోపం మాత్రం వేరు. అది పొరపాటు చేస్తే ఎవరికీ తెలియదు. పంపినవాడు చేరిందనుకుంటాడు, అందుకోవలసినవాడు రాలేదనుకుంటాడు, ఉత్తరమేమో స్పామ్ ఫోల్డర్‌లో నెల రోజులుండి మాయమైపోతుంది.

బ్లాక్‌లిస్టు, అంటే స్పామ్ పంపుతున్న ఐపీ అడ్రస్‌ల జాబితా, ఉత్తరం విప్పనే విప్పదు, గుమ్మంలోనే ముఖం చూసి పంపేస్తుంది. 192.0.2.10 నుంచి ఎవరో తలుపు కొట్టారనుకోండి, మన సర్వర్ ఆ అంకెల్ని తిరగేసి, 10.2.0.192 అని లిస్టు పేరు ముందు తగిలించి డీఎన్‌ఎస్‌ను (పేరు చెప్తే అడ్రస్ చెప్పే ఇంటర్నెట్ చిట్టా) అడుగుతుంది. 127.0.0.2 లాంటి జవాబొస్తే వాడు లిస్టులో ఉన్నట్టు, అలాంటి పేరే లేదంటే శుభ్రం. ఒక్క చిన్న ప్రశ్న, రెప్పపాటు పని. ఇలాంటి లిస్టులు నడపడానికి పాల్ విక్సీ వాళ్లు మొదలుపెట్టిన మ్యాప్స్, 1998లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ పెట్టిన స్పామ్‌హౌస్ ఈ దారిన వచ్చినవే. దీనిలో నాకు నచ్చేది ఏమిటంటే, తిప్పి పంపితే 550 (తీసుకోం అని చెప్పే కోడు) అని పంపినవాడి మొహానే చెప్తుంది. కనీసం వాడికి విషయం తెలుస్తుంది, ఫోన్ చేసి అడుగుతాడు.

తంటా కూడా అక్కడే. మా చిన్న సంఘం మెయిల్స్ కోసం కొత్త సర్వర్ అద్దెకు తీసుకున్నాం. మూడొందల మంది సభ్యులకు మొదటి లేఖ పంపాను, పది నిమిషాల్లో నా ఇన్‌బాక్స్ నిండా 550లు. మేం చేసింది ఏమీ లేదు, మాకంటే ముందు ఆ ఐపీలో ఉన్నవాడెవడో చేసిన నిర్వాకం. ఎవరో తిన్న అప్పు మేం తీర్చినట్టయింది. లిస్టులోంచి తీయించుకోవడానికి ఫారం నింపి, ఎదురుచూసి, మళ్లీ రాసి, నాలుగు రోజులు పట్టింది. ఐపీవీ4 (పాత తరహా ఐపీ) అడ్రస్‌లు కరువైపోయి చేతులు మారుతున్న కాలంలో ఇలాంటిది ఎవరికైనా జరగొచ్చు. ఒక్కోసారి ఒక్క అడ్రస్ కాదు, చుట్టుపక్కల 256 అడ్రస్‌లనూ ఒకే గాటన కట్టేస్తారు, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు.

అలాగని చోటును బట్టి ఆపడం తప్పని అనను. 2008 నవంబరులో మెకోలో అనే హోస్టింగ్ సంస్థకు పైనుంచి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు తీగ పీకేశారు. బాట్‌నెట్లను (దొంగల చేతికి చిక్కి స్పామ్ పంపే కంప్యూటర్ల గుంపులను) నడిపించే సర్వర్లు అక్కడే ఉండటంతో, ఒక్కరోజులో ప్రపంచంలోని స్పామ్ సగానికి పైగా పడిపోయింది. ఏ ఫిల్టరూ అంత పని చేయలేదు. కొన్ని నెలల్లో వేరేచోట మళ్లీ దుకాణం తెరిచారనుకోండి, అది వేరే విషయం.

ఇక నేను ఓటేసే మూడోది, పంపినవాణ్ని నిలదీయడం. దానికున్న మూడు తనిఖీలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. పేర్లు చూసి జనం భయపడతారు గానీ, పోస్టులో వచ్చే ఉత్తరాన్ని తలచుకుంటే చాలు. కవరు మీద పంపినవాడి అడ్రస్ ఒకటి, లోపల కాగితం మీద పేరు ఇంకొకటి. మనం చదివేది లోపలి పేరు. ఎస్‌పీఎఫ్ చూసేది కవరును మాత్రమే: ఈ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) తరఫున మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్‌కు ఉందా అని. డీకిమ్ లోపలి కాగితానికి వేసిన సీలు, మధ్యలో ఎవరైనా అక్షరం మారిస్తే పగిలిపోతుంది. కానీ మోసగాడు కవరు మీద తన సొంత డొమైన్ రాసి, దానికి ఎస్‌పీఎఫ్ పాస్ చేయించుకుని, లోపల మీ బ్యాంకు పేరు రాయొచ్చు కదా? ఆ సందును మూసింది డీమార్క్. పరీక్ష నెగ్గిన డొమైన్, మనకు కనిపించే ఫ్రమ్‌లోని డొమైన్ ఒకదానికొకటి కుదరాలి, కుదరకపోతే ఏం చెయ్యాలో డొమైన్ సొంతదారే చెప్తాడు: నన్ (ఏమీ చెయ్యొద్దు), క్వారంటైన్ (స్పామ్‌లో పడెయ్యి), రిజెక్ట్ (తిప్పి పంపు).

ఇదీ నొప్పి లేకుండా రాలేదు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు రిజెక్ట్ అని పెట్టగానే ప్రపంచమంతటా మెయిలింగ్ లిస్టులు (ఒకరు రాస్తే సభ్యులందరికీ చేరవేసేవి) గందరగోళమయ్యాయి. లిస్టు సర్వర్ సబ్జెక్టులో ఒక ట్యాగ్, అడుగున రెండు లైన్లు చేరుస్తుంది, సీలు పగులుతుంది. పంపేదేమో లిస్టు సర్వర్, కవరు యాహూది కాదు. దాంతో యాహూ సభ్యుడు రాసిన నిఖార్సైన మెయిల్ కూడా వెనక్కి. ఆ రోజుల్లో లిస్టులు నడిపినవాళ్లను అడిగితే ఇప్పటికీ పళ్లు నూరుతారు.

అందరూ అడిగే ప్రశ్న ఇంకొకటుంది: దొంగ కూడా సొంత డొమైన్ కొనుక్కుని అన్నీ పక్కాగా పెట్టుకోవచ్చు కదా? పెట్టుకుంటాడు, పాస్ అవుతాడు కూడా. పక్కా ఐడీ కార్డు ఉన్నంత మాత్రాన మంచివాడైపోడు. కాకపోతే ఇప్పుడు వాడికంటూ ఒక పేరుంది, చెడ్డపేరు వస్తే అది వాడికే వస్తుంది, పక్క గదిలో ఉన్న నాకు రాదు. ఐపీ లిస్టుతో నేను నాలుగు రోజులు పడ్డ బాధకు మందు అదే. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ కలిసి పెట్టిన నిబంధనలు దీని మీదే నిలబడ్డాయి: జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం తాకకూడదు. వెయ్యి మందిలో ముగ్గురు ఆ బటన్ నొక్కితే చాలు, మీ పని అయిపోయినట్టే. పంపినవాడు ఎవరో తేలకుండా ఈ శాతాన్ని ఎవరి ఖాతాలో వేస్తారు?

చట్టాల గురించి ఎక్కువ చెప్పను. అమెరికా 2003లో చేసిన క్యాన్-స్పామ్ వద్దనేదాకా పంపొచ్చంటుంది, 2014లో అమల్లోకి వచ్చిన కెనడా చట్టం ముందు ఒప్పుకోలు తీసుకోమంటుంది. రెండోదే నయం, సందేహం లేదు. కానీ చట్టానికి భయపడేవాడు ఎలాగూ తన పేరుతోనే పంపుతాడు.

మెసేజింగ్ యాప్‌ల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్కంతా మారిపోతుంది. వాట్సాప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి సందేశంలో ఏముందో సర్వర్ చదవలేదు, కాబట్టి దారిలో ఆపే ఫిల్టర్ అన్నది లేదు. మిగిలింది నడవడిక చూడటం: కొత్త నంబరు గంటలో ఎంతమంది తెలియనివాళ్లకు రాసింది, ఎంతమంది బ్లాక్ చేశారు. 2019లో ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అన్నారు, 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన సందేశాలను ఒక్క చాట్‌కే పరిమితం చేశారు. రాసింది చదవకుండానే పారేదాన్ని నెమ్మదింపజేయడం అన్నమాట. మెయిల్‌లో ఇది కుదరదు, అందరి సర్వర్లూ ఒకరి చేతిలో ఉండవు కాబట్టి. నా మటుకు అది మెయిల్‌కున్న లోపం కాదు, గొప్ప.

మా డొమైన్‌కు నేను మొదట డీమార్క్ నన్ అనే పెట్టి, మెయిల్ అందుకున్న సర్వర్ల నుంచి రోజూ వచ్చే నివేదికలు చూస్తూ కూర్చున్నాను. మూడో వారంలో దొరికింది, మా సైట్‌లోని చందా ఫారం ఏళ్ల తరబడి సీలు లేకుండానే రసీదులు పంపుతోంది. దానికి డీకిమ్ పెట్టాక క్వారంటైన్, ఇంకో నెలకు రిజెక్ట్. చాలామంది నన్ దగ్గరే ఆగిపోయి పని అయిందనుకుంటారు, అది కాపలావాణ్ని పెట్టి ఎవర్నీ ఆపొద్దని చెప్పడం. మీ డొమైన్ డీమార్క్ రికార్డు ఒకసారి తీసి చూడండి, ఈ మూడింటిలో ఏదో చెప్పే పి (p=) పక్కన ఏముందో.