పిట్టల కోసం కొన్న 8×42 బైనాక్యులర్: నాలుగు నెలల తర్వాత

ముందే చెప్పేస్తాను, ఇది నా రెండో బైనాక్యులర్. మొదటిది ఇంట్లో చెప్పుల స్టాండ్ మీద దుమ్ము పట్టి ఉంది. దాన్ని పోయిన దసరా సేల్‌లో ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలకి కొన్నాను. పెట్టె మీద 20×50 అని ఇంతింత అంకెలు. ఇరవై రెట్లు పెద్దగా కనిపిస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు? నేను లెక్కల టీచర్ని. అయినా ఆ యాభైని ఇరవైతో భాగించి చూద్దామన్న బుద్ధి ఆ రోజు పుట్టలేదు.

మేముండేది హైదరాబాద్ శివారు బీరంగూడలో. అమీన్‌పూర్ చెరువు మాకు బండి మీద పది నిమిషాలు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఎలా లేచాయో చూస్తే ఆ ప్రకటనకి ఎంత బలముందో తెలుస్తుంది, అది వేరే సంగతి. చలికాలంలో మాత్రం బాతులు ఇంకా వస్తున్నాయి. పాత బైనాక్యులర్‌తో పొద్దున్నే ఆరుంబావుకి వాటిని చూడబోతే నల్లటి మచ్చలు కనబడ్డాయి. అవి కూడా ఒకచోట నిలవలేదు, నా చేయి వణికినప్పుడల్లా చెరువంతా ఊగింది. తల నొప్పి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

జనవరిలో కోఠీ వైపు వెళ్లినప్పుడు ఒక పాత కెమెరాల షాపు కనబడి లోపలికి వెళ్లాను. షాపాయన పెద్దమనిషి, డెబ్బై ఉంటాయి. నేను వెళ్లగానే ఎక్కువ జూమ్ ఉన్నది అడిగాను. ఆయన నా కళ్లజోడు వంక చూసి, "మేడం, నంబర్ ఇడిసిపెట్టుండ్రి. ఇది పట్టుకొని గా ఎదురుగున్న బోర్డు చదువుండ్రి," అన్నాడు. చేతిలో 8×42 పెట్టాడు. రోడ్డవతల మెట్ల చీకట్లో ఉన్న డాక్టర్ గారి బోర్డు మీద కన్సల్టేషన్ టైములు చదివాను. 7,800 చెప్పాడు, 7,400కి ఇచ్చాడు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇవే కొలతలతో ఇదే ధరలో చాలా కంపెనీలవి ఉన్నాయి. మీరు చూడాల్సింది కొలతలే.

ఆ కొలతల సంగతి నా వృత్తి కాబట్టి కాస్త చెప్పనివ్వండి. మొదటి అంకె ఎన్ని రెట్లో చెబుతుంది. రెండోది ముందుండే అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చేది మన కంట్లోకి వెలుతురు వచ్చే వృత్తం వ్యాసం. బైనాక్యులర్‌ని చేతులు చాచి దూరంగా పట్టుకుంటే, కన్ను పెట్టే అద్దాల మధ్యలో తెల్లటి బిళ్లలు కనిపిస్తాయి, అవే. నా పాతదానికి 50ని 20తో భాగిస్తే 2.5. కొత్తదానికి 42ని 8తో భాగిస్తే 5.25. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, యాభై దాటిన నాలాంటివాళ్లకి ఐదు దగ్గర ఆగిపోతుంది. అంటే తెల్లవారుజామున నా కన్ను తీసుకోగలిగినంత వెలుతురు ఈ కొత్తది ఇస్తోంది. పాతది అందులో సగం వెడల్పు కూడా ఇవ్వలేదు. పిట్టలు చురుగ్గా తిరిగేదే ఆ మసక వెలుతురు వేళ. పైగా ఇరవై రెట్లు పెంచితే చేతి వణుకు కూడా ఇరవై రెట్లు పెరుగుతుంది. స్టాండు లేకుండా అంతంత నంబర్లు కొనకండి.

కళ్లజోడు వాళ్లకి ఇంకో మాట. కన్ను ఆనించే రబ్బరు కప్పుల్ని తిప్పి పైకి కిందకి జరుపుకోవచ్చు. జోడు పెట్టుకునేవాళ్లు వాటిని పూర్తిగా కిందకి దించాలి. ఇది తెలియక మొదటి రెండు రోజులు సొరంగంలోంచి చూసినట్టు చూశాను, షాపాయన్ని తిట్టుకున్నాను కూడా. అలాగే కుడి కంటి దగ్గర ఒక రింగు ఉంటుంది, రెండు కళ్ల చూపులో ఉండే తేడాని సరిచేయడానికి. ముందు కుడివైపు మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేసుకోవాలి, తర్వాత ఎడమవైపు మూసి ఆ రింగుతో కుడి కంటికి. ఒక్కసారి చేస్తే చాలు. నాది మాత్రం వదులు, బ్యాగులో రాపిడికి తిరిగిపోతుంది. గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టుకున్నాను, కదిలితే మళ్లీ ఆ చుక్క దగ్గరికి తెస్తాను. 7,400 పెట్టాక గోళ్ల రంగు అవసరం రాకూడదు. ఇది దీనికి నేనిచ్చే మొదటి మైనస్.

ఇంట్లోంచే మొదలుపెట్టాను. మా రెండో అంతస్తు బాల్కనీకి ఎదురుగా పక్కింటివాళ్ల మునగ చెట్టు ఉంది. జనవరిలో దాని పూతకి తేనెపిట్టలు వచ్చేవి. పసుపు పొట్ట, గొంతు కింద సిరా చారిక ఒకటి ఉన్నది కనబడితే అదేదో వేరే జాతి అనుకున్నాను. ఫిబ్రవరి నెలంతా దాన్నే చూస్తూ కూర్చుంటే ఆ చారిక పక్కకి పాకింది, నల్లటి మచ్చలు వచ్చాయి, మార్చి వచ్చేసరికి ఒళ్లంతా నల్లబడింది. ఎండ పడ్డప్పుడు అది నలుపు కాదు, కంజీవరం చీరలో వంగపండు రంగుకి నీలం కలిపి నేసినట్టు. మగ తేనెపిట్ట పెళ్లి బట్టలు అవి. వట్టి కంటికి ఇన్నేళ్లూ అది కాకినలుపు పిట్ట. ఈ ఒక్కదానికే నా డబ్బులు సగం వచ్చేశాయనుకున్నాను.

బాల్కనీలో నిలబడి చూడటంలో చిక్కొకటుంది, అది ఏ రివ్యూలోనూ రాయరు. మునగ చెట్టు వెనక వాళ్ల వంటింటి కిటికీ. మూడో రోజు ఆ ఇంటావిడ మా ఆయన్ని గేటు దగ్గర ఆపి, "అన్నయ్యా, వదిన ఏం చూస్తోంది?" అని అడిగిందట. తర్వాత ఆవిణ్నే పిలిచి చూపించాను. ఇప్పుడు ఆవిడే ఫోన్ చేసి చెబుతుంది, మీ పిట్ట వచ్చింది అని.

అమీన్‌పూర్‌లో ఈసారి బాతులు మచ్చల్లా కాకుండా బాతుల్లా కనబడ్డాయి. సూదితోక బాతు మెడ పక్కన తెల్లటి గీత పైకి పాకడం చూశాను. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీళ్లపైన గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ముక్కు కిందకి పెట్టి రాయిలా పడుతుంది. అది నిలబడ్డప్పుడు దాని మీద నిలపగలిగాను, పడేటప్పుడు వెంట తిప్పడం మాత్రం పదిసార్లకి ఒకసారి కుదిరింది. ఎనిమిది రెట్లదానికి చూపు మేర వెడల్పు ఎక్కువ కాబట్టి ఆ ఒకసారైనా కుదిరింది.

గట్టు మీద బర్రెలు మేపే ఆయన ఒకాయన రోజూ కనిపిస్తాడు. "ఏం చూస్తున్నవ్ టీచరమ్మా, నీళ్లల్ల ఏమన్న వడ్డదా?" అన్నాడు. పిట్టల్ని అన్నాను. "గవి దినాం ఉంటయ్ గద!" అని నవ్వాడు. మెడలో వేసి చూపించాను. తుంగలో నీలం కోడి ఒకటి, ఎర్ర ముక్కుది, తుంగ కాడని కాలివేళ్లతో పట్టుకుని మనం చెరుకుగడ కొరికినట్టు కొరుకుతోంది. ఆయన చాలాసేపు తిరిగివ్వలేదు. "అరె, చేత్తోని వట్టుకొని తింటున్నదే! దీని కన్ను గూడ ఎర్రగున్నది," అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ కోళ్లని చూస్తున్న మనిషి. ఆయనే నాకు తీతువు గుడ్లు చూపించాడు మార్చి చివర్లో. ప్లాటింగ్ కోసం చదును చేసిన జాగాలో, గూడు లేదు ఏమీ లేదు, గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాంటి నాలుగు గుడ్లు. తీతువు అరిస్తే కీడని మా అమ్మ కిటికీ మూసేది. పాపం అది అరిచేది మనల్ని గుడ్ల దగ్గర్నుంచి తరమడానికి. దగ్గరికి వెళ్తే ఎండలో గుడ్లు వదిలేసి మన నెత్తిమీద తిరుగుతుంది. యాభై అడుగుల అవతల ఆగి బైనాక్యులర్‌తో చూస్తే కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చుంది, కూర్చోబోయే ముందు పొట్ట ఈకలు దులుపుకోవడంతో సహా కనబడింది.

ఇక క్యాంపింగ్. మార్చి మొదటి వారంలో మా తమ్ముడి కుటుంబంతో కలిసి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల కింద ఒక తోటలో టెంట్లలో ఉన్నాం. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. నిర్వాహకుల గురించి రెండు ముక్కలు చాలు: టెంటు శుభ్రం, భోజనం బాగుంది, "ప్రకృతి ఒడిలో" అని రాసుకుని రాత్రి పదకొండింటి దాకా స్పీకర్లు పెట్టారు. అడిగితే, "మేడం, పక్క గ్రూపు డబ్బులు కట్టింది," అన్నారు. మేమూ కట్టాం కదా, నిశ్శబ్దానికి.

స్పీకర్లు ఆగిన అరగంటకి చెట్ల కిందనుంచి ఒక శబ్దం మొదలైంది. గచ్చు మీద గోళీ పడేస్తే ముందు పెద్దగా, తర్వాత దగ్గర దగ్గరగా ఎగిరి ఆగుతుందే, అచ్చం అలా. నైట్‌జార్ అనే పిట్ట అది. రోజంతా ఎండుటాకుల్లో ఎండుటాకులా పడుకుని రాత్రి పురుగుల వేటకి లేస్తుంది. చీకట్లో దాన్ని చూడటం ఏ బైనాక్యులర్ వల్లా కాదు, టార్చి వేసి వెతకబోయిన తమ్ముణ్ని నేనే ఆపాను. చంద్రుణ్ని మాత్రం పిల్లలందరూ వరసగా చూశారు. పెద్ద పెద్ద గుంటలు కనిపిస్తాయి, కారు బానెట్ మీద మోచేతులు ఆనిస్తే వణుకు ఉండదు.

పొద్దున మంచుకి టెంటు తడిసింది. బైనాక్యులర్ బయట అద్దాల మీద ఆవిరి పట్టింది, తుడిస్తే పోయింది, లోపల పట్టలేదు. లోపల నైట్రోజన్ నింపి సీలు చేసినది కొనమని చెప్పేది ఇందుకే. వానాకాలంలో బూజు పట్టదన్న భరోసా మాత్రం లేదు కాబట్టి సిలికా జెల్ పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో పెడుతున్నాను.

ఆ ఊరి బయట మోదుగలు విరబూసి ఉన్నాయి. ఆకు ఒక్కటి లేదు, చెట్టంతా నిప్పులే. ఒక్క చెట్టు దగ్గర ముప్పావుగంట కూర్చున్నాం. గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, చీలిన తోక నల్ల ఎట్రింత, ఇక గులాబీ రంగు ఒంటికి నల్ల తల పెట్టుకున్న పలిసలు గుంపులు గుంపులుగా. అవి మన దగ్గర చలికాలం గడిపి ఎండలు ముదరకముందే మధ్య ఆసియా వైపు వెళ్లిపోతాయి. పువ్వులో తలదూర్చి తీస్తే నుదుటి మీద పసుపు పుప్పొడి, బొట్టు పెట్టుకున్నట్టు. అది కనబడింది దీంతోనే.

మా మేనకోడలికి పదకొండేళ్లు. "అత్తా, పాలపిట్ట పడిపోతోంది!" అని అరిచింది. కరెంటు తీగ మీదనుంచి లేచి, నిటారుగా పైకి వెళ్లి, అక్కణ్నుంచి గిరికీలు కొడుతూ, గొంతు చించుకుంటూ కిందకి. జతకోసం మగది వేసే వేషాలవి, వసంతంలోనే. రెక్కల నీలం అలా మడత విప్పుతూ మూస్తూ ఉంటే పిల్ల నోరు తెరుచుకుని చూసింది. దసరా రోజు పంజరంలో తెచ్చి చూపించి డబ్బులడిగే పాలపిట్ట తప్ప తను ఇంకొకటి చూడలేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలా పట్టడం నేరమని చెబితే, మరి పోయినేడు నాన్న యాభై ఎందుకిచ్చాడని అడిగింది. తమ్ముడు టీ తాగడానికి వెళ్లిపోయాడు.

నష్టం కూడా అక్కడే జరిగింది. ఇది రెండు మీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ అవుతుంది, సీతాకోకచిలుకల్ని చూడటానికి చాలా బాగుంటుంది. ఒకదాన్ని అలా చూసి చక్రం అక్కడే వదిలేశాను. కాసేపటికి వాగు పక్కన చెట్లలోకి తెల్లటి రిబ్బను లాంటి తోకతో తోకపిగిలిపిట్ట వచ్చింది. ఎత్తి చూస్తే పాల మసక. చక్రం ఒకటిన్నర చుట్టు తిప్పాలి, అదీ బిగుతు. తిప్పేలోపు పిట్ట లేదు. మా మరదలు వట్టి కళ్లతో హాయిగా చూసింది, ఇప్పటికీ చెబుతుంది. చక్రాన్ని ఎప్పుడూ ముప్పై అడుగుల దూరానికి పెట్టి ఉంచడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

మిగతా లోపాలు త్వరగా చెప్పేస్తాను. దీంతో ఇచ్చే పట్టీ సన్నం, గంటలో మెడ లాగేస్తుంది. బరువు 680 గ్రాములు. భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ 600 పెట్టి విడిగా కొన్నాను, ముందే కొనుండాల్సింది. ముందు అద్దాల మూతలు రబ్బరువి, ఊరికే ఊడిపోతాయి. ఒకటి అమీన్‌పూర్ తుంగలో పోయింది, బర్రెలాయన ఇంకా వెతుకుతున్నాడు. ఎండకి ఎదురుగా చూస్తే కొమ్మల అంచున ఊదారంగు చారలు వస్తాయి, ఈ ధరకి అది మామూలే. కేబీఆర్ పార్కులో నడకకి మాత్రం ఇది ఎక్కువ, అక్కడ నెమళ్లు దారి మీదికే వస్తాయి.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ రింగు బిగుతుగా ఉండుంటే నాలుగున్నర.

మేనకోడలి పుట్టినరోజు జూన్‌లో. తన చేతులకి ఇది బరువు, 8×32 తీసుకోవాలనుకుంటున్నాను. వెలుతురు కాస్త తగ్గుతుంది, ఆ వృత్తం నాలుగు మిల్లీమీటర్లే, కానీ బరువు తేలిక. కోఠీ పెద్దాయన దగ్గర ఉందేమో వచ్చే ఆదివారం వెళ్లి అడగాలి. ఆ పాత 20×50 ఎవరికైనా కావాలంటే బీరంగూడ వచ్చి పట్టుకెళ్లండి, ఊరికే ఇస్తాను, వెనక్కి మాత్రం తీసుకోను.