స్ఫింక్స్, రీడ్ ది డాక్స్: ప్రూఫులు దిద్దిన చేతికి ఎలా అనిపించాయంటే

విజయవాడలో డీటీపీ సెంటరు నడిపినన్నాళ్లూ పుస్తకంలోని తప్పు దిద్దడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, తప్పొప్పుల పట్టిక. అచ్చయ్యాక తప్పు కంటపడితే చిన్న చీటీ కొట్టి చివరి అట్ట లోపల అంటించేవాళ్లం. దాన్ని చదివినవాళ్లను ఒక్కరిని కూడా నేను చూడలేదు.

మా అక్క కొడుకు పుణెలో ఉద్యోగం చేస్తూ, పాత అను ఫాంట్లలో కొట్టిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే చిన్న పైథాన్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట) ఒకటి రాశాడు. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. ఏ మీట నొక్కితే ఏ ఒత్తు పడుతుందో చెప్పింది నేనే కాబట్టి దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు, అదే డాక్యుమెంటేషన్, కూడా నా నెత్తినే పెట్టాడు. "పిన్నీ, కోడ్ నేను చూసుకుంటాను, మాటలు నువ్వు చూసుకో" అన్నాడు. నాలుగేళ్లయింది. ఆ పనికి వాడు నా చేతికిచ్చిన పనిముట్లు రెండు: పేజీలు తయారుచేసే స్ఫింక్స్, వాటిని ఇంటర్నెట్‌లో ఉంచే రీడ్ ది డాక్స్.

స్ఫింక్స్‌ను గెయోర్గ్ బ్రాండ్ల్ అనే ఆయన పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కోసం తయారుచేశారు. 2008లో అందరికీ విడుదలైంది. ఇప్పుడు లినక్స్ కెర్నెల్ (లినక్స్ వ్యవస్థకు గుండెకాయ) డాక్యుమెంటేషన్ కూడా దీనితోనే తయారవుతోంది. రీడ్ ది డాక్స్ 2010లో, జాంగో అనే పైథాన్ వెబ్ పనిముట్టు వాడేవారి 48 గంటల పోటీలో పుట్టింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితం, బదులుగా పేజీ పక్కన చిన్న ప్రకటన ఒకటి కనిపిస్తుంది. నాకు అది అడ్డు అనిపించలేదు. పత్రికల్లో పనిచేసినవాళ్లకు ప్రకటన అంటే జీతమని తెలుసు.

నన్ను కట్టిపడేసింది డాక్‌టెస్ట్. పేజీలో మనం రాసిన ఉదాహరణలను స్ఫింక్స్ నిజంగా నడిపి, జవాబు పేజీలో ఉన్నదే వస్తోందా అని చూస్తుంది. మా లైబ్రరీలో అక్షరాలు లెక్కించే ఫంక్షన్ ఒకటి ఉంది. మొదట్లో దానికి 'స్త్రీలు' అని ఇస్తే 8 అనేది. కంప్యూటర్ లెక్కలో అది తప్పు కాదు మరి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం, ల, కొమ్ము. చదివే మనిషికి మాత్రం అవి రెండే అక్షరాలు. నేను పోరు పెడితే వాడు కోడ్ సరిచేశాడు, పేజీలో మాత్రం 8 అలాగే ఉండిపోయింది. మూడు విడుదలల పాటు మా పేజీ దర్జాగా అబద్ధం చెప్పింది. డాక్‌టెస్ట్ పెట్టిన మొదటి రోజే ఎర్ర అక్షరాల్లో వచ్చింది: ఎక్స్‌పెక్టెడ్ 8, గాట్ 2. ఇరవై ఏళ్లలో ఎన్నో ప్రూఫులు దిద్దాను, ఇంత ఖచ్చితంగా వేలు పెట్టి చూపించిన ప్రూఫ్‌రీడరును చూడలేదు. ఒక్క మాట, ఇది దానంతటది నడవదు. కోడ్ మారిన ప్రతిసారీ నడిచేలా, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో మనమే ఏర్పాటు చేసుకోవాలి.

లింక్‌చెక్ కూడా మంచిదే. బయటికి వెళ్లే లింకులన్నింటినీ తట్టి చూసి, చచ్చినవాటి జాబితా ఇస్తుంది. కొన్నిసార్లు బతికున్నదాన్ని కూడా చచ్చిందంటుంది, ముఖ్యంగా పేజీలో ఫలానా చోటికి నేరుగా వెళ్లే లింకుల విషయంలో. నెలకోసారి నడుపుతాను, అది చాలు.

ఇక వాక్యాల సంగతికి వస్తే ఏ పనిముట్టూ పనికిరాలేదు. 'పైథాన్ 3.7 ఉంటే చాలు' అని మొదటి పేజీలో రాశాను. కోడ్ ఎప్పుడో 3.9కి మారింది. డాక్‌టెస్ట్ నోరెత్తలేదు, లింక్‌చెక్‌కు సంబంధమే లేదు. ఒంగోలు నుంచి ఒక లైబ్రేరియన్ తన పాత కంప్యూటర్‌లో సాయంత్రమంతా కుస్తీ పట్టి, చివరికి మాకు ఉత్తరం రాశాకే తెలిసింది. అప్పటినుంచి విడుదలకు ముందు రోజు రాత్రి మొదటి పేజీ పైకి చదవడం అలవాటు చేసుకున్నాను, ప్రెస్సులో చదివినట్టే. స్ఫింక్స్‌లో 'ఫలానా వెర్షన్‌లో మారింది' అని పేరా పక్కనే రాసుకునే సదుపాయం ఉంది. దాన్ని వాడుతున్నాక ఇలాంటి ఉత్తరాలు తగ్గాయి.

రీడ్ ది డాక్స్ పని చూస్తే, కోడ్ గిట్‌హబ్‌లోకి చేరగానే కబురు అందుకుని పేజీలు మళ్లీ కట్టేస్తుంది. మార్పు ఇంకా కలపకముందే అది ఎలా కనిపిస్తుందో చూసుకునే నమూనా పేజీ కూడా ఇస్తుంది. అదే నా ప్రూఫు కాపీ. 'స్టేబుల్', 'లేటెస్ట్' అని రెండు వాకిళ్లు ఉంటాయి: మొదటిది చివరి విడుదలది, రెండోది ఇంకా వండుతున్నది. కొత్తవాళ్లకు మొదటి దాని లింకే ఇవ్వండి.

ఇక్కడ మేం చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. 2023 సెప్టెంబరు నుంచి ప్రతి ప్రాజెక్టులో సెట్టింగుల ఫైలు తప్పనిసరి చేశారు. ముందే చెప్పారు కూడా. ఆ ఈమెయిళ్లు మా వాడి కాలేజీ చిరునామాకు వెళ్లాయి, వాడు దాన్ని తెరిచి ఎన్నాళ్లయిందో! ఆ ఫైలు లేక పేజీలు కట్టడం ఆగిపోయినా, చివరిసారి సరిగ్గా కట్టిన పేజీలు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. అందుకని బయటినుంచి అంతా బాగున్నట్టే ఉంది. నేను మూడు నెలలు దిద్దుతూనే ఉన్నాను, ఒక్క అక్షరం బయటికి రాలేదు. ఫైలు రాయడానికి పట్టింది పది నిమిషాలు. కట్టడం విఫలమైతే ఈమెయిల్ పంపే సదుపాయం ఉంది. మొదటి రోజే ఆన్ చేసుకోండి, అదీ మీరు రోజూ చూసే చిరునామాకు.

అనువాదం చేసేవాళ్లకు స్ఫింక్స్ మంచి సాధనం. ఇంగ్లిష్ పేజీలోని పేరాలన్నీ విడివిడిగా ఒక ఫైలులోకి వస్తాయి, ఒక్కోదాని కింద తెలుగు రాసుకుంటూ పోవడమే. ఇంగ్లిష్ పేరా మారితే తెలుగు పేరా పక్కన 'ఫజీ' అని గుర్తు పడుతుంది, మనం చూసి సరే అనేదాకా ఆ చోట ఇంగ్లిషే కనిపిస్తుంది. పాత మాట కొత్త మాటగా చెలామణి కాకుండా ఇంత నిజాయితీ బాగుంది. కానీ మా వాడు ఒక కామా తీసేసినా ఫజీయే. ఒకసారి వాడు సరదాకు కామాలన్నీ సవరిస్తే నాకు ఆదివారమంతా పోయింది. తెలుగు పేజీలకు రీడ్ ది డాక్స్‌లో వేరే ప్రాజెక్టు తెరిచి అసలుదానికి ముడిపెట్టాలి, అదొక అదనపు చాకిరీ.

విసుగు తెప్పించేవి మూడు. రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే రాత పద్ధతిలో ఒక ఖాళీ ఎక్కువైనా తక్కువైనా పేరా పక్కకు జారిపోతుంది. మార్క్‌డౌన్ అలవాటున్నవాళ్లు మిస్ట్ అనే అదనపు భాగం పెట్టుకోవచ్చు, నేను పెట్టుకున్నాను. పీడీఎఫ్ కావాలంటే, దాన్ని తయారుచేసే మామూలు ఇంజిన్‌తో తెలుగు రాదు. జీలాటెక్ అనే మరో ఇంజిన్‌కు మార్చి, మన లిపి ఉన్న ఫాంటు పేరు చెప్పాలి. మూడోది అన్నింటికన్నా పెద్దది: స్ఫింక్స్ సొంత సెర్చ్‌కు తెలుగు రాదు. గుణింతపు గుర్తులను అది అక్షరాలుగా లెక్కించదు, మాటను గుర్తు ఉన్న చోటల్లా ముక్కలు చేస్తుంది. 'గుణింతం' అని వెతికితే మిగిలేవి గ, ణ, త లాంటి తునకలు. ఇంగ్లిష్ పేజీలకు చక్కగా పనిచేసే సెర్చ్ మన పేజీలో అలంకారంగా ఉంటుంది. ఐదు నక్షత్రాల్లో ఒకటి ఇక్కడే కోశాను.

దీనికి నేను కనిపెట్టిన విరుగుడు పాత పుస్తకాలదే. స్ఫింక్స్‌లో పదసూచిక తయారుచేసే ఏర్పాటు ఉంది. పేరా పైన 'ఈ మాట సూచికలోకి' అని రాస్తే చాలు, క కింద, గ కింద వరసగా అమర్చి లింకులు పెడుతుంది. ఏ మాట వేయాలో మాత్రం మనిషే చెప్పాలి. మా సూచిక ఇప్పుడు నలభై మాటల దాకా వచ్చింది. నిన్న రాత్రి 'పొల్లు' చేర్చాను. 'వట్రసుడి' అని వెతికేవాళ్లు 'ఋత్వం' దగ్గరికి ఎలా వెళ్తారో ఇంకా తేల్చుకోవాలి.