తల్లికోడా, బల్బా, పెరిగిన పిల్లలా? పెరటి కోళ్లకు ఏది మేలు

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుదామనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ జాతి మంచిదని. సరే, అదీ అడగాల్సిందే. కానీ పిల్లల్ని తొలి నెలన్నర ఎవరు సాకుతారన్నది అంతకన్నా ముందు తేల్చుకోవాలి. తల్లికోడికి వదిలేస్తారా, బల్బు పెట్టి మీరే సాకుతారా, ఇంకొకరు సాకిన ఐదారు వారాల పిల్లల్ని కొంటారా? చాలామంది ఖర్చు చూసి తేల్చేస్తారు. నేనైతే ఆ పిల్లలు వెచ్చటి చోటు వదిలి గూట్లోకి వెళ్లే వారాన్ని చూసి తేల్చుకోమంటాను, ఎందుకంటే బల్బు కింద బాగా ఉన్న పిల్లలు కూడా పోయే ప్రమాదం ఆ వారంలో ఉంటుంది.

తల్లికోడి సంగతి చూద్దాం. నాటు పెట్ట పొదగడానికి కూర్చుంటే దాని కింద పది పన్నెండు గుడ్లు పెట్టి 21 రోజులు ఆగడమే, కరెంటుతో పని లేదు. చలేస్తే రెక్కల కింద దాచుకుంటుంది, గద్ద కనపడితే ఒక్క అరుపుతో పిల్లలన్నిటినీ పొదల్లోకి తోలుతుంది, పెంటకుప్ప గీకి పురుగు చూపిస్తుంది, పొద్దు గూకేసరికి గూటికి నడిపించుకుపోతుంది. అంటే గూటికి మార్చడమనే పని మీకు లేనే లేదు. అసీల్ పెట్టయితే పిల్లి మీదికి కూడా ఎగబడుతుంది.

మరి చిక్కెక్కడ? మొదటి రెండు మూడు వారాలు తల్లి వెంట వదిలేస్తే కాకి, జెముడుకాకి, ముంగిస, వీధి పిల్లి తలా ఒకటి పట్టుకుపోతాయి. ఊళ్లలో పెద్దవాళ్లు తల్లినీ పిల్లల్నీ గంప కింద కమ్మేది ఇందుకే. పైగా పిల్లల వెంట తిరిగినన్నాళ్లూ పెట్ట గుడ్లు పెట్టదు, దాని ఒంటి మీద పేలుంటే పిల్లలకూ ఎక్కుతాయి, కాబట్టి పొదగేసే ముందే రెక్కల కింద ఒకసారి చూసుకోవాలి.

ఇంకో మాట. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటివి పెంచాలనుకుంటే వాటి పెట్టలు పొదుగుతాయని ఆశ పెట్టుకోవద్దు, ఆ గుణం వాటిలో దాదాపు లేదు. హేచరీ నుంచి ఒకరోజు పిల్లలే తెచ్చుకోవాలి. ఆ సమయానికి మీ నాటు పెట్ట గుడ్ల మీద కూర్చుని ఉంటే మాత్రం మంచి ఉపాయం ఉంది: రాత్రి బాగా చీకటి పడ్డాక కింద గుడ్లు తీసేసి ఈ పిల్లల్ని మెల్లగా దాని రెక్కల కిందికి తోస్తే చాలాసార్లు తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. పిల్లలు ఒకటి రెండు రోజులవే అయి ఉండాలి, తెల్లారాక కాసేపు దగ్గరుండి చూడాలి, పొడుస్తుంటే వెంటనే తీసేయాలి.

ఇక బల్బు. ముప్పై నలభై పిల్లలంటే ఒక్క పెట్ట రెక్కల కింద పట్టవు, ఇదే దిక్కు. అట్టముక్కల్ని గుండ్రంగా నిలబెట్టి, లోపల వరి ఊక రెండంగుళాలు పోసి, తొలి రెండు మూడు రోజులు దాని మీద పేపర్లు పరిచి, పైన బల్బు వేలాడదీస్తే అయిపోతుంది. ఎల్‌ఈడీ కొనొద్దు, దాంతో వెలుతురే వస్తుంది, వేడి రాదు. పాత రకం ఫిలమెంట్ బల్బు గానీ, కోళ్ల షెడ్లకు అమ్మే ఇన్‌ఫ్రారెడ్ బల్బు గానీ కావాలి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలని లెక్క. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్తాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, నోళ్లు తెరుచుకుని అంచులకు పోతే వేడి, అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని. నీళ్ల పళ్లెంలో నాలుగు గులకరాళ్లు వేయండి, లేకపోతే తడిసి చస్తాయి. మేత విషయంలో చాలామంది నూకలతో సరిపెడతారు, అది చాలదు, తొలి ఆరు వారాలు చిక్ స్టార్టర్ దాణా (చిన్న పిల్లలకని అమ్మే మేత) ఇవ్వాల్సిందే.

కరెంటు పోతే? ఇదే బల్బు పద్ధతిలో అసలు టెన్షన్. సంక్రాంతి చలిలో రాత్రి రెండు గంటలు కరెంటు లేకపోతే చిన్న పిల్లలు గుట్టగా ఎక్కి కింద ఉన్నవి ఊపిరాడక పోతాయి. కుంపటి పెడతామంటారు కొందరు, మూసిన గదిలో ఆ పని మాత్రం చేయకండి, పొగ పిల్లలకే కాదు మీకూ ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో అయితే పగలు బల్బు అక్కర్లేదు, ఎండాకాలం బల్బు పెంపకం సగం సులువు. వానాకాలంలో ఊక తడిసి గడ్డకడుతుంది, ఆ తడిలోనే రక్తపారుడు రోగం పుడుతుంది, పొడి ఊక మారుస్తూనే ఉండాలి.

గూటికి ఎప్పుడు మార్చాలన్నదానికి వయసు కన్నా ఈకలు చూడటం మేలు. వీపు మీద, రొమ్ము మీద నూగు పోయి ఈకలు నిండాలి, సాధారణంగా ఐదారు వారాలకు నిండుతాయి. ఎండాకాలంలో నాలుగు వారాలకే మార్చినా పెద్దగా ఇబ్బంది రాదు, వాన ముసురులో మాత్రం ఆరు వారాలు దాటనివ్వండి. మార్చే ముందు పగలు బల్బు ఆపేసి, తర్వాత రాత్రులు కూడా ఆపి అలవాటు చేయాలి. ఇవి తల్లి లేని పిల్లలు, గద్దంటే తెలియదు, సాయంత్రం గూట్లోకి పోవాలనీ తెలియదు. అందుకే గూట్లో వేశాక నాలుగైదు రోజులు బయటికి వదలకుండా మేత, నీళ్లు అక్కడే పెట్టాలి, ఆ తర్వాత సాయంత్రం ఓ గంట వదిలి మేత చూపించి లోపలికి పిలవాలి. మొదటి రాత్రులు మూలకు చేరి గుట్ట పడతాయి, టార్చ్ వేసి విడదీయడం తప్పదు. జాలీ కన్నాలు అరంగుళం దాటితే చిన్న పాములు దూరతాయి. నేల మట్టి అయితే పందికొక్కు కింద నుంచి తవ్వుకొస్తుంది, గూడు కాళ్ల మీద నిలబెట్టినదైతే ఈ బాధ తక్కువ. పెద్ద కోళ్లతో ఒక్కసారి కలపొద్దు, వారం పాటు మధ్యలో జాలీ కట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి, లేకపోతే పొడిచి పొడిచి నెత్తురు కళ్లజూస్తాయి.

మూడోది, పెరిగిన పిల్లల్ని కొనడం. ఒకరోజు పిల్లతో పోలిస్తే ధర బాగా ఎక్కువ, కానీ బల్బు, దాణా, చచ్చిపోయిన పిల్లలు లెక్కేస్తే పది పిల్లల లోపు పెంచేవాళ్లకు గిట్టుబాటే. కొనేటప్పుడు ఏయే టీకాలు వేశారో అడగండి: పుట్టిన రోజు మారెక్స్ (కాళ్లు చచ్చుబడే రోగానికి), వారం లోపు లసోటా (కొక్కెర తెగులుకు, అంటే రాణిఖెత్‌కు), రెండో వారంలో గంబోరో (రోగాన్ని తట్టుకునే శక్తిని దెబ్బతీసే రోగానికి) పడి ఉండాలి. తడబడితే వదిలేయండి. సంతలో గంపలో పెట్టి అమ్మే పిల్లల్ని నేనైతే కొనను, పది ఊళ్ల కోళ్లు కలిసే చోట కొక్కెర తెగులు ఏ పిల్లతో వస్తుందో చెప్పలేం. ఎక్కడ కొన్నా రెండు మూడు వారాలు మీ కోళ్లకు దూరంగా ఉంచాలి.

నా ఓటు ఇలా: పొదిగే నాటు పెట్ట చేతిలో ఉండి డజను లోపు పిల్లలైతే రెండో ఆలోచన లేకుండా తల్లికోడి. ముప్పై దాటితే, కరెంటు నమ్మకంగా ఉంటే బల్బు, అదీ వానలు మొదలయ్యే లోపు గూటికి చేరేలా మార్చిలో మొదలుపెట్టండి. కొత్తవాళ్లు, పొద్దున ఆఫీసుకు పోయి రాత్రి వచ్చేవాళ్లు పెరిగిన పిల్లల్నే తెచ్చుకోండి. ఏ దారిలో పెంచినా ఆరు నుంచి పది వారాల మధ్య అమ్మోరు (కోళ్ల మశూచి) టీకా, కొక్కెరకు ఆర్‌టూబీ టీకా వేయించాలి. ఆ టీకా ఒక్కో సీసాలో చాలా డోసులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి వీధిలో కోళ్లున్న నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒకే రోజు పశువైద్యుణ్ణి పిలిస్తే అందరికీ ఖర్చు కలిసొస్తుంది.