తిరుపతిలో డిష్‌వాషర్ లీకేజీ రిపేర్: పద్ధతిగా చేసే సర్వీసు
నీళ్లు కారుతున్నాయనగానే డోర్ రబ్బరు మార్చేయమనే మెకానిక్‌లే ఎక్కువ. ఈ సర్వీసు వాళ్లు అలా కాదు. ముందు ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, ఇన్‌లెట్ పైపు వాషరు, డ్రెయిన్ పైపు క్లిప్పు చూస్తారు. తర్వాత రబ్బరు కింది మడతలో వేలు పెట్టి తడుముతారు. బోరు నీళ్ల తెల్లటి పొర, అన్నం మెతుకులు అక్కడే పేరుకుని తలుపును గట్టిగా పట్టనివ్వవు. దాన్ని తుడవడానికి గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. లోపల తిరుగుతూ నీళ్లు చిమ్మే స్ప్రే ఆర్మ్ చీలితే నీళ్లు నేరుగా తలుపుకే కొడతాయి. చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ పోస్తే నురగ పొంగి కారుతుంది, అది మెషీన్ తప్పు కాదు. బాష్ కంపెనీ మెషీన్‌లో ఈ15 అనే ఎర్రర్ కోడ్ వస్తే అడుగు ట్రేలో నీళ్లు చేరినట్టు. మెషీన్ వంచి పారబోస్తే ఎర్రర్ పోతుంది గానీ లీకు పోదు, ఎక్కణ్ణుంచో వెతకాల్సిందే. లోటల్లా ఒరిజినల్ రబ్బరు వీళ్ల దగ్గర ఉండకపోవడం. తలుపు అంచు మీది మోడల్ నంబరు ముందే ఫోన్లో చెప్పండి, తెప్పిస్తారు.