జాషువా ట్రీ జాతీయ ఉద్యానవనం: కీస్ రాంచ్ చూడకుండా తిరిగి రావద్దు

లాస్ ఏంజెలెస్‌కు తూర్పున సుమారు 140 మైళ్ల దూరంలో ఉన్న జాషువా ట్రీ జాతీయ ఉద్యానవనానికి వచ్చేవారిలో చాలామంది ఆ వింత ఆకారపు చెట్ల పక్కన, గుండ్రని రాతి గుట్టల మీద ఫోటోలు తీసుకుని సాయంత్రానికి వెనుదిరుగుతారు. ఫిబ్రవరిలో రెండు రోజులు అక్కడ నడిచిన తరువాత నా మనసులో నిలిచినవి మాత్రం ఈ ఎడారిలో మనుషులు బతికిన ఆనవాళ్లే.

వాటిలో మొదటిది కీస్ రాంచ్, అంటే కీస్ కుటుంబం నివసించిన పాత వ్యవసాయ క్షేత్రం. రేంజర్ (ఉద్యానవన సిబ్బంది) వెంట తప్ప లోపలికి వెళ్లనివ్వరు కనుక టికెట్ ముందే తీసుకోవాలి. 1910 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన బిల్ కీస్, ఆయన భార్య ఫ్రాన్సెస్ ఈ ఎండలోనే ఐదుగురు పిల్లలను పెంచి, పండ్లతోట వేసి, పిల్లల చదువుకు బడి కూడా ఏర్పాటు చేసుకున్నారు. అంగళ్లు చాలా దూరం కావడంతో, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని ఆయన దాచిన ఇనుప సామాను, మూతపడిన గనుల నుంచి తెచ్చిన యంత్రాలు నేటికీ ఆవరణలో వరుసగా ఉన్నాయి. వాటి మధ్య నిలబడినప్పుడు ఆ కుటుంబం పడిన శ్రమ ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా అర్థమైంది.

అక్కడి నుంచి బార్కర్ ఆనకట్టకు వెళ్లడం మంచిది. 1900 ప్రాంతంలో పశువుల కాపరులు కట్టిన ఈ చిన్న కట్ట ఎత్తును తరువాత కీస్ పెంచారు. చుట్టూ తిరిగి వచ్చే బాట 1.1 మైళ్లే కాబట్టి పిల్లలు, పెద్దవారు కూడా నడవగలరు. దారిలోని ఆదివాసుల రాతి చెక్కడాలపై ఎవరో రంగులు పూసి పాడుచేయడం చూసి బాధ కలిగింది.

ఆదివాసుల కథ తెలుసుకోవాలంటే ట్వెంటీనైన్ పామ్స్ ఊరి దగ్గరి మారా ఒయాసిస్‌కు వెళ్లాలి. పుట్టిన ప్రతి మగబిడ్డ పేరున ఒక తాటిజాతి చెట్టు నాటుతూ తొలి ఏడాదిలోనే 29 చెట్లు నాటామని సెర్రానో ప్రజలు చెప్పుకుంటారు. ఊరి పేరులో ఆ లెక్క ఇంకా ఉంది. ఎడారి మొక్కలను పెకలించి తోటలకు తరలించడం చూసి సహించలేక మినర్వా హామిల్టన్ హోయిట్ చేసిన కృషి వల్లనే 1936లో ఈ నేలకు జాతీయ స్మారకంగా రక్షణ దొరికింది. జాతీయ ఉద్యానవనం హోదా 1994లో వచ్చింది.

కాళ్లలో సత్తువ ఉన్నవారికి రయాన్ కొండ ఉంది. రానూపోనూ 3 మైళ్లే అయినా వెయ్యి అడుగులకు పైగా ఎక్కాలి, నీడ దాదాపు ఉండదు. ఒక్కరోజే ఉంటే నేను దానిని వదిలి కీస్ రాంచ్‌కే వెళ్తాను. ఉద్యానవనం నడిమి భాగంలో తాగునీరు దొరకదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల అందదు. అందువల్ల మనిషికి రోజుకు కనీసం ఒక గాలన్ (సుమారు 3.8 లీటర్లు) చొప్పున నీళ్లు కారులో పెట్టుకుని, దారి పటాన్ని ముందే ఫోన్‌లోకి దింపుకుని బయలుదేరండి.