టాలెంట్ చూసి కెరీర్ చెప్తామంటూ పది వేళ్ళ ముద్రలు తీసుకునేవాళ్ళతో జాగ్రత్త

టెన్త్ అయిపోయిన పిల్లలున్నవాళ్ళు ముందు ఇది చదవండి. ఈ ఆదివారం మాల్‌లో మళ్ళీ స్టాల్ పెడుతున్నారని తెలిసింది, అందుకే వంటగది కూడా సర్దకుండా కూర్చుని రాస్తున్నాను.

ఎవరి గురించో మీకు తెలుసు. ఎస్కలేటర్ దిగగానే ట్యాబ్‌లు పట్టుకుని "మేడమ్, పాప టాలెంట్ ఏంటో తెలుసుకోండి" అని వెంటపడతారే, వాళ్ళే. పేరు రాయను, ఇప్పటికే తలనొప్పులు చాలు.

మా ఇంట్లో సంగతి అందరిళ్ళలో ఉన్నదే. మా ఆయన ఎంపీసీ అంటారు, అత్తయ్యగారు బైపీసీ అంటారు, పాపని అడిగితే "ఏదో ఒకటి" అంటుంది. ఆటల్లాంటి టెస్టులు పెట్టి ఏ పని నప్పుతుందో కంప్యూటరే చెప్తుందంటే, గొడవ తీరిపోతుంది కదా అనుకున్నాను. 22,000 ఫీజు, ఈ రోజు కడితే 14,500. నేను చేసేది అకౌంట్స్‌లో. రెండొందలు తేడా వస్తే బిల్లు వెనక్కి పంపే మనిషిని. అక్కడ మాత్రం నిమిషంలో స్కాన్ చేసి కట్టేశాను.

అమీర్‌పేట ఆఫీసులో టెస్ట్. తెర మీద బుడగలు వస్తుంటే ఎర్రవి మాత్రమే పగలగొట్టాలి, అది ఏకాగ్రతట. ట్యాబ్ ఛార్జింగ్ వైర్ లూజు. కాస్త కదిలితే బుడగలు గాల్లోనే ఆగిపోతున్నాయి. మూడోసారి ఆగాక అక్కడి కుర్రాడు "పర్లేదు, మిగతావి నేను కొట్టేస్తా" అని టకటకా నొక్కేశాడు. ఎవరి ఏకాగ్రత కొలిచారో ఆ దేవుడికే తెలియాలి. నేను పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నాను, అది వేరే సంగతి.

తర్వాత చిన్న స్కానర్ మీద పది వేళ్ళూ పెట్టించారు. ఒక్కో వేలు మెదడులో ఒక్కో భాగానికట. బొటనవేలు నాయకత్వం, చూపుడువేలు లెక్కలు. చిలక జోస్యం చెప్పేవాడు నయం, చిలకకి గింజలు పెడితే ఊరుకుంటాడు.

వారానికి రిపోర్టు వచ్చింది. 46 పేజీలు, స్పైరల్ బైండింగ్, నున్నటి కాగితం. మొదటి పేజీలోనే "లాజిక్ 31 శాతం" అని ఎర్ర గీత. పంతొమ్మిదో పేజీకొచ్చేసరికి మా పాప పేరు పోయి ఎవరో అబ్బాయి పేరు! అక్కణ్ణుంచి చివరిదాకా అంతా "హీ", "హిజ్". 94 శాతం మ్యాచ్ అయిన కెరీర్ మర్చంట్ నేవీ. ఆర్టీసీ బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని దారంతా నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చునే పిల్లకి సముద్రం రాశారు. చివరి పేజీలో మూడు ప్రైవేటు కాలేజీలు, అడ్మిషన్ కోసం వీళ్ళ నంబరే.

శనివారం రిపోర్టు పట్టుకుని, పాపని తీసుకుని వెళ్ళాను. కౌన్సెలర్ ఆ పేజీ చూసి నవ్వాడు. "పేరు ఒక్కటే మారింది మేడమ్, డేటా పాపదే" అన్నాడు. డబ్బు వెనక్కివ్వండి, లేదా అంతా మళ్ళీ చేయండి అన్నాను. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు కాదు, పాప వైపు చూస్తూ, "స్కోరు తక్కువొస్తే పేరెంట్స్ ఇలాగే మాట్లాడతారు మేడమ్. పాపలో టాలెంట్ లేకపోతే మా సాఫ్ట్‌వేర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?" అన్నాడు.

పాప అప్పటిదాకా నీళ్ళ బాటిల్ మూత తిప్పుతూ ఉంది. ఆపేసింది. ఏడవలేదు, ఏమీ అనలేదు. నేను ఏదో అరిచాను, ఏమన్నానో గుర్తు లేదు. అవతల టేబుల్ దగ్గర ఇంకో తల్లి అప్పుడే క్యూఆర్ స్కాన్ చేస్తోంది. ఆవిణ్ణి ఆపాలని కూడా తోచలేదు నాకు.

మెట్రోలో వస్తుంటే, బాలానగర్ దాటాక అడిగింది: "అమ్మా, ఆ అబ్బాయిది పంతొమ్మిది నుంచే కదా? ముందు పేజీలన్నీ నావేనా?"

ఏం చెప్పను? ఆ 31 శాతం ఎవరిదో నాకూ తెలియదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. వేలిముద్రలతో తెలివితేటలు కొలవడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ఎప్పుడో చెప్పిందట. వాళ్ళు గోడ మీద ఫోటో పెట్టుకున్న అమెరికా సైకాలజిస్టు హోవార్డ్ గార్డ్‌నర్ 1983లో బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం, అంటే తెలివి ఒకటి కాదు, చాలా రకాలని చెప్పాడు నిజమే, వేళ్ళు స్కాన్ చేయమని మాత్రం అందులో లేదు. ఇష్టాల్ని బట్టి వృత్తులు చూపించే అసలు పద్ధతి వేరే ఉంది. జాన్ హాలండ్ అనే సైకాలజిస్టు మనుషుల ఆసక్తుల్ని ఆరు రకాలుగా విడదీశాడు. దాని మీద అమెరికా కార్మిక శాఖ తయారుచేసిన ఓ-నెట్ ప్రశ్నావళి నెట్‌లో ఉంది. 60 ప్రశ్నలు, పైసా కట్టక్కర్లేదు. ఏం చేయడం ఇష్టమో చెప్తుంది తప్ప తెలివికి మార్కులు వేయదు. మన సీబీఎస్‌ఈది కూడా 9, 10 తరగతుల పిల్లలకి 'తమన్నా' అనే ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంది. ఇవన్నీ డబ్బు కట్టకముందు చూసుకోవచ్చుగా అని మా ఆయన అనలేదు. అనకుండా టీవీ సౌండ్ తగ్గించారు. దానికి ఇంకా మండింది.

పాప ఓ-నెట్ ప్రశ్నలు తనే పూర్తి చేసింది. ఇళ్ళ డిజైన్లు, బొమ్మలు వేసే పనులు పైన వచ్చాయి. అదే నిజమని ఎగరడం లేదు, కనీసం బుడగలు వేరేవాళ్ళు పగలగొట్టలేదు.

మీరు వెళ్ళేటట్టయితే, వేలిముద్ర అనగానే లేచి వచ్చేయండి. టెస్ట్ కొలిచేది ఇష్టమా, సామర్థ్యమా అని అడగండి. డబ్బు కట్టకముందే పాత రిపోర్టు ఒకటి చూపించమనండి, చివరి పేజీలో కాలేజీల పేర్లుంటే సంగతి అర్థమవుతుంది. మాలాగా ముద్రలు ఇచ్చేసి ఉంటే, ఆ ముద్రలతో ఆధార్‌ని ఎవరూ వాడకుండా ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. మేం పాపది నిన్ననే పెట్టాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, రశీదు, రిపోర్టు రెండూ దగ్గర పెట్టుకుని చేయండి.

నేను ఫిర్యాదు చేసిన మర్నాడే వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఫీజు వెనక్కివ్వడం వాళ్ళ పాలసీలో లేదట. కావాలంటే ఫ్రీగా మళ్ళీ టెస్ట్ పెడతారట, పాపని తీసుకురమ్మన్నారు.