ఓక్‌లో లెక్స్‌మ్యాచ్: ఆంటాలజీల మ్యాపింగ్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

మార్ఫాన్ సిండ్రోమ్ అనే జన్యు వ్యాధి అరుదైన జబ్బుల జాబితా ఆర్ఫానెట్‌లో 558, జన్యు వ్యాధుల జాబితా ఓమిమ్‌లో 154700, జబ్బుల ఆంటాలజీ (ఒక రంగంలోని పదాలను, వాటి అర్థాలను, సంబంధాలను క్రమంగా పేర్చిన జాబితా) అయిన మోండోలో ఇంకో నంబరు. ఇలాంటి ఐడీలను జత కలిపే టేబుల్‌ను చేత్తో మొదలుపెడితే నెలలు పడుతుంది. ఆ టేబుల్‌కు మొదటి ముసాయిదా తయారుచేసి ఇచ్చేది లెక్స్‌మ్యాచ్. ఇది ఓక్, అంటే ఆంటాలజీ యాక్సెస్ కిట్ అనే పైథాన్ ప్యాకేజీలో ఒక కమాండ్. ఉచితం, సోర్స్ కోడ్ కూడా బయటే ఉంది. ముసాయిదా వరకు దీనికి మంచి మార్కులే వేయొచ్చు. కానీ వచ్చిన ఫైలును చూడకుండా డేటాబేస్‌లోకి ఎక్కిస్తే కొంప మునుగుతుంది.

విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, పిప్‌తో 'ఓక్‌లిబ్' అన్న పేరు మీద ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఒక ఆంటాలజీని ఇన్‌పుట్‌గా, రెండోదాన్ని 'యాడ్' ఆప్షన్‌తో ఇచ్చి, ఏ ప్రిఫిక్స్‌కూ (ఐడీ ముందు ఉండే ఆంటాలజీ గుర్తు) ఏ ప్రిఫిక్స్‌కూ మధ్య జతలు కావాలో చెప్పాలి. ఆ చివరిది మరిచిపోతే ఒకే ఆంటాలజీలోని పదాలు తమలో తామే జతకడతాయి, ఫైలు ఉబ్బిపోతుంది. జీవ, వైద్య రంగాల ఓబీఓ కుటుంబంలోని ఆంటాలజీలను మొదటిసారి ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్) రూపంలో అదే దించుకుని కాష్‌లో పెట్టుకుంటుంది. కాష్‌లో పాత కాపీ మిగిలిపోయే అవకాశం ఉంది కాబట్టి రన్ చేసేముందు రెండు వైపులా వెర్షన్ చూసి రాసిపెట్టుకోవాలి.

ఫలితం సోమ్ ఫార్మాట్‌లో, అంటే ఆంటాలజీల జతలను పంచుకోవడానికి వాడే ఎస్ఎస్ఎస్ఓఎం ప్రమాణం ప్రకారం టీఎస్‌వీగా (ట్యాబ్‌లతో విడదీసిన టేబుల్) వస్తుంది. ఈ పరికరంలో అసలు విలువైనది ఇదే. సబ్జెక్ట్ ఐడీ (ఎడమవైపు పదం), ప్రెడికేట్ ఐడీ (రెండింటి మధ్య సంబంధం), ఆబ్జెక్ట్ ఐడీ (కుడివైపు పదం), మ్యాపింగ్ జస్టిఫికేషన్ (జత ఎలా కుదిరిందన్నది) అన్న నాలుగు తప్పనిసరి కాలమ్‌లతో పాటు ఏ మాట కలిసింది, అది లేబులా (అసలు పేరు), ఎగ్జాక్ట్ సిననిమా (సరిగ్గా అదే అర్థమున్న పర్యాయపదం), రిలేటెడ్ సిననిమా (దగ్గరి అర్థమున్నది) అన్నది కూడా కనిపిస్తుంది. ముందు ఈ కాలమ్‌ల మీద ఫిల్టర్ పెట్టండి. రెండు వైపులా లేబుల్‌తోనే కలిసిన వరుసలు త్వరగా తేలిపోతాయి. రిలేటెడ్ సిననిమ్‌తో కలిసినవాటిని, మూడు నాలుగు అక్షరాల పొట్టిపేర్లతో కలిసినవాటిని ఒక్కొక్కటిగా చదవాల్సిందే. కాన్ఫిడెన్స్ కాలమ్‌ను చూసి మోసపోవద్దు. అది రూల్స్ ఫైల్లో రాసిన బరువుల నుంచి వచ్చిన అంకె. తప్పొప్పులు లెక్కపెట్టి తేల్చినది కాదు.

తప్పులు ఎక్కడ పుడతాయంటే, మాట ఒకటై అర్థం వేరైన చోట. జంతువుల శరీర నిర్మాణ ఆంటాలజీ యూబెరాన్‌లో టిబియా అంటే మోకాలి కింది ఎముక. ఈగల శరీర నిర్మాణాన్ని వివరించే ఎఫ్‌బీబీటీలో టిబియా అంటే కాలులో ఒక ఖండం, ఎముకే లేదు. లేబుళ్లు అచ్చుగుద్దినట్టు ఒకటే కాబట్టి లెక్స్‌మ్యాచ్ దర్జాగా జత కలుపుతుంది. రోగ లక్షణాల ఆంటాలజీ హెచ్‌పీలోని హెచ్‌పీ:0002099, మోండో:0004979 రెండింటి పేరూ ఆస్తమానే. మొదటిది రోగిలో కనిపించే లక్షణం, రెండోది జబ్బు. వీటిని ఎగ్జాక్ట్ మ్యాచ్‌గా (రెండూ ఒకటేనని చెప్పే ప్రెడికేట్) వదిలేస్తే, వేరే జబ్బులో లక్షణంగా రాసిన ఆస్తమా రోగనిర్ధారణగా మారిపోతుంది.

రసాయనాల దగ్గర ఇబ్బంది ఇంకా ఎక్కువ. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒకటిగా చూడమంటే కోబాల్ట్ గుర్తూ కార్బన్ మోనాక్సైడ్ ఫార్ములా కలిసిపోతాయి. వైద్య పదాల జాబితా స్నోమెడ్‌లో పేర్ల చివరి ట్యాగ్ పోవాలని బ్రాకెట్లు తీసేసే రూల్ రాసి, దాన్నే రసాయనాల ఆంటాలజీ చెబికి వాడితే ఆర్, ఎస్ గుర్తులు ఎగిరిపోయి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు అణువులు ఒకటైపోతాయి. అందుకే ప్రతి జత ఆంటాలజీలకూ వేరే రూల్స్ ఫైల్ పెట్టుకోవాలి. ఆ ఫైలు యామెల్‌లో ఉంటుంది: ఏ రకం సిననిమ్ కలిస్తే ఏ ప్రెడికేట్, ఎంత బరువు అన్నది, ఏ మాటను దేనితో మార్చి చూడాలన్నది అందులోనే రాస్తాం. బ్రిటిష్, అమెరికన్ వర్ణక్రమాలు, 'టైప్ 2'కు రోమన్ అంకె లాంటివి ఇక్కడ చేర్చకపోతే ఆ జతలు చడీచప్పుడు లేకుండా జారిపోతాయి.

ఇక జబ్బుల అంతర్జాతీయ కోడ్‌ల జాబితా ఐసీడీ-10. ఈ11.9ను టైప్ 2 డయాబెటిస్ (మోండో:0005148)తో కలిపితే ఎగ్జాక్ట్ మ్యాచ్ రాయకూడదు, ఎందుకంటే ఆ కోడ్ ఉపద్రవాలు లేని డయాబెటిస్‌కే పరిమితం. ఈ11.9 సబ్జెక్ట్ అయితే బ్రాడ్ మ్యాచ్, అంటే కుడివైపున్నది విశాలమైనది. చాలామంది దీన్ని తలకిందులుగా రాస్తారు. 'ఇతర', 'నిర్దిష్టం కాని' అనే కోడ్‌లకు మామూలుగా సరిజోడు దొరకదు. దొరికిందని ఫైలు చెబితే అనుమానించండి.

రివ్యూ అయ్యాక సోమ్ ఫైళ్ల కోసం ఉన్న సోమ్-పై టూల్‌లోని వ్యాలిడేట్, తర్వాత క్లిక్‌సమ్మరీ (గొలుసుగా కలిసిన గుంపులను చూపేది) కమాండ్‌లు నడపాలి. ఎగ్జాక్ట్ మ్యాచ్ గొలుసుగా పాకుతుంది. ఒక గుంపులో రెండు మోండో ఐడీలు కనిపించాయంటే మధ్యలో ఒక లింకు తప్పు. ఓఆర్‌డీఓ (ఆర్ఫానెట్ ఆంటాలజీ రూపం), ఆర్ఫానెట్ ప్రిఫిక్స్‌లు, ఐసీడీ10, ఐసీడీ10సీఎం (ఐసీడీ-10 అమెరికా రూపం) ప్రిఫిక్స్‌లు కలగాపులగం కాకుండా అంతకుముందే సరిచేసుకోవాలి.

పేర్లు పోల్చడమే దీని పని. ఆంటాలజీలను జత కలిపే పరికరాలను పోల్చే ఓఏఈఐ పోటీలో ఎలుక శరీర నిర్మాణ ఆంటాలజీని (2744 క్లాసులు) ఎన్‌సీఐ థెసారస్‌లోని మనిషి భాగంతో (3304 క్లాసులు) కలిపే పరీక్షలో, అచ్చంగా పేరు కలిస్తేనే జత అనే పద్ధతికి ప్రిసిషన్ (ఇచ్చిన జతల్లో సరైనవాటి వంతు) 0.997, రీకాల్ (సరైన జతల్లో దొరికినవాటి వంతు) 0.622 వచ్చింది. పేర్లను నమ్ముకుంటే ఎంత మిగిలిపోతుందో ఆ రెండో అంకె చెబుతుంది. నిర్మాణాన్ని కూడా చూసి, పొసగని జతలను తీసేసే పని కావాలంటే లాగ్‌మ్యాప్, అగ్రిమెంట్‌మేకర్‌లైట్ ఉన్నాయి. రెండూ జావా పరికరాలు. పెద్ద ఆంటాలజీలకు మెమరీ సెట్టింగ్ పెంచుకుని నడపాలి.